ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌లు అందుకోవడానికి ఏ పద్ధతి మీకు సరిపోతుంది?

నెట్‌వర్క్ పరికరాలను గమనించడానికి వాడే ప్రోటోకాల్ ఎస్ఎన్ఎంపీ. అందులో ట్రాప్ అంటే ఏదైనా జరిగినప్పుడు పరికరం తనంతట తాను పంపే ఒక్క యూడీపీ ప్యాకెట్. 162వ పోర్టుకి వస్తుంది. చేరిందో లేదో పంపిన పరికరానికి తెలియదు, దారిలో పోతే మనకూ తెలియదు. ఇంత పలచని కబురు మీద అలారంలు నడపాలంటే, అందుకునే చోట ఏర్పాటు గట్టిగా ఉండాలి.

రిసీవర్ (ట్రాప్‌లను అందుకునే సాఫ్ట్‌వేర్) ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా చూసేది ఎన్ని మిబ్‌లు (ట్రాప్‌లోని అంకెలకు అర్థం చెప్పే ఫైళ్లు) చదువుతుంది, స్క్రీన్ ఎలా ఉంది అని. పోర్టు మీద ప్యాకెట్ అందుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా వచ్చు. అసలు తేడా ఆ తర్వాత రెండు చోట్ల బయటపడుతుంది. ఈ ట్రాప్ పంపింది ఏ పరికరమో ఎక్కడ తేలుతుంది? సమస్య తీరాక ఆ అలారంను ఎవరు మూస్తారు? ఈ రెంటికీ మీ దగ్గర జవాబు ఉంటే ఎంపిక సగం అయిపోయినట్టే. లేకపోతే ఎంత మంచి రిసీవర్ పెట్టినా నెల తిరిగేసరికి ఎవరూ చూడని ఎర్ర వరుసల జాబితా మిగులుతుంది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

పంపింది ఎవరు? ఎస్ఎన్ఎంపీలో వీ1, వీ2సీ, వీ3 అనే వెర్షన్లున్నాయి. వీ1 ట్రాప్‌లో పంపిన పరికరం ఐపీ ప్యాకెట్ లోపలే, ఏజెంట్ అడ్రస్ అనే గడిలో ఉంటుంది. వీ2సీ, వీ3 ట్రాప్‌లలో ఆ గడి లేదు, యూడీపీ సోర్స్ ఐపీయే ఆధారం. మధ్యలో ఒక సర్వర్ ట్రాప్‌ను అందుకుని ముందుకు పంపితే సోర్స్ ఐపీ ఆ సర్వర్‌ది అయిపోతుంది. అసలు చిరునామాను 1.3.6.1.6.3.18.1.3.0 అనే ఓఐడీతో (ఒక్కో సంగతికీ ఉండే అంకెల గుర్తు) వార్‌బైండ్‌గా (ట్రాప్‌లో వెళ్లే ఓఐడీ, విలువల జత) చేర్చే ఏర్పాటు ప్రమాణంలో ఉంది గానీ, పంపే సర్వర్ దాన్ని చేర్చాలి, అందుకునే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవాలి. ఈ రెండిటిలో ఏది తప్పినా లాభం లేదు.

న్యాట్ (దారిలో ఐపీలను మార్చే ఏర్పాటు) దాటి వచ్చే ట్రాప్‌లకూ ఇదే ఇబ్బంది. రిసీవర్‌ను డాకర్ కంటైనర్‌లో పెట్టి బ్రిడ్జ్ నెట్‌వర్క్ వాడితే, కొన్ని అమరికల్లో ట్రాప్‌లన్నీ 172.17.0.1 నుంచే వచ్చినట్టు కనిపిస్తాయి. నూరు స్విచ్‌లకూ ఒకే పేరు పడుతుంది. హోస్ట్ నెట్‌వర్క్ వాడితే ఈ బాధ ఉండదు. కుబెర్నెటీస్‌లో అయితే సర్వీస్‌కి బయటి ట్రాఫిక్ పాలసీని లోకల్ అని పెట్టాలి.

పరికరం వైపు కూడా ఒక పని ఉంది. పది ఇంటర్‌ఫేస్‌లున్న రౌటర్ మామూలుగా ట్రాప్ ఏ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళ్తే దాని ఐపీనే సోర్స్‌గా పెడుతుంది. రూటింగ్ మారితే సోర్స్ కూడా మారుతుంది, రిసీవర్‌కి అదెవరో తెలియని పరికరంలా కనిపిస్తుంది. ప్రతి రౌటర్‌లోనూ ట్రాప్ సోర్స్‌ను లూప్‌బ్యాక్‌కి (ఏ తీగతోనూ ముడిపడని అంతర్గత ఇంటర్‌ఫేస్) కట్టేయండి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పని తప్పదు.

వరద వస్తే? మామూలు రోజున నిమిషానికి రెండు మూడు ట్రాప్‌లు వస్తాయి, ఏ పద్ధతైనా తట్టుకుంటుంది. ఒక భవనానికి కరెంటు పోయి తిరిగొచ్చిన సందర్భం తీసుకోండి. 48 పోర్టుల స్విచ్‌లు 40 ఉంటే 1,920 లింక్ అప్‌లు (పోర్టు లేచిందని), 40 కోల్డ్ స్టార్ట్‌లు (పరికరం లేచిందని), మొత్తం 1,960 ట్రాప్‌లు దాదాపు ఒకేసారి వస్తాయి. ట్రాప్‌కో ప్రాసెస్ పుట్టించే పద్ధతిలో ఒక్కో స్క్రిప్ట్‌కి 0.2 సెకను పట్టినా మొత్తం ఆరున్నర నిమిషాలు. ఆలోపు కెర్నెల్ బఫర్ నిండిపోతుంది, మిగతావి చప్పుడు లేకుండా రాలిపోతాయి.

వీ3 కావాలా? వీ1, వీ2సీల్లో కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్ లాంటిది) బాహాటంగా వెళ్తుంది, సోర్స్ ఐపీని ఎవరైనా మార్చి పంపొచ్చు. భద్రతా నియమాలు గట్టిగా ఉన్న చోట వీ3 తప్పదు. వీ3లో ట్రాప్‌కి, ఇన్‌ఫామ్‌కి (అందినట్టు జవాబు కోరే ట్రాప్) ఒక కీలకమైన తేడా ఉంది, దాని సంగతి కింద విడిగా చెప్తాను.

అలారం మూత. లింక్ డౌన్ వచ్చాక అదే పోర్టుకి లింక్ అప్ వస్తే ఆ జతను ఎవరు కలుపుతారు? అదే ట్రాప్ పదిసార్లు వస్తే పది టికెట్లు పడతాయా, ఒకే టికెట్ మీద లెక్క పెరుగుతుందా?

మిబ్‌ల అనువాదం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. ప్రతి పద్ధతిలోనూ తయారీదారు మిబ్‌లు, అవి ఆధారపడే మిబ్‌లు తెచ్చి ఒక ఫోల్డర్‌లో పెట్టక తప్పదు. తేడా ఓపికలోనే తప్ప ఫలితంలో కాదు.

## మొదటి దారి: ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌డీ, మీ సొంత స్క్రిప్ట్

నెట్-ఎస్ఎన్ఎంపీ ప్యాకేజీలో వచ్చే డీమన్ (తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) ఇది. కింద చెప్పే రెండో, మూడో దారులకు కూడా ఇదే పునాది కాబట్టి దీని గుణదోషాలు తెలిస్తే సగం సమస్యలు ముందే కనిపెట్టొచ్చు.

5.3 వెర్షన్ నుంచి అనుమతి ఇవ్వనిదే ఇది ఏ ట్రాప్‌నూ ముట్టదు. కాన్ఫిగ్‌లో ఆథ్‌కమ్యూనిటీ వరుస రాసి లాగ్, ఎగ్జిక్యూట్, నెట్ అనే మూడింటిలో వేటికి అనుమతో చెప్పాలి. లాగ్ మాత్రమే ఇస్తే ట్రాప్ లాగ్‌లో కనిపిస్తుంది, స్క్రిప్ట్ మాత్రం నడవదు. కొత్తగా పెట్టినవాళ్లు గంటలు పోగొట్టుకునే చోటు ఇదే.

ట్రాప్‌హ్యాండిల్ వరుసతో ఒక ఓఐడీకి గానీ, అన్నిటికీ కలిపి గానీ స్క్రిప్ట్ కట్టొచ్చు. స్క్రిప్ట్‌కి ట్రాప్ ప్రామాణిక ఇన్‌పుట్‌లో వరుసలుగా అందుతుంది. మొదటి వరుస హోస్ట్ పేరు. రెండోది ఇలా ఉంటుంది: యూడీపీ: [10.20.0.5]:49152->[10.20.0.9]:162. ఆ తర్వాత ఒక్కో వార్‌బైండ్ ఒక్కో వరుస: ముందు సిస్‌అప్‌టైమ్ (పరికరం లేచి ఎంతసేపైందో), తర్వాత ట్రాప్ ఓఐడీ, ఆపైన వివరాలు. వీ1 ట్రాప్ వచ్చినా డీమన్ దాన్ని వీ2 రూపంలోకి మార్చే ఇస్తుంది కాబట్టి స్క్రిప్ట్‌లో రెండు రకాలు రాయనక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. వార్‌బైండ్ విలువ బయటి నుంచి వచ్చిన అక్షరాలు. వాటిని షెల్ కమాండ్‌లో నేరుగా అతికించారంటే, 162కి ప్యాకెట్ పంపగలిగిన ఎవరికైనా మీ సర్వర్ మీద కమాండ్ నడిపే అవకాశం ఇచ్చినట్టే.

దీని బలహీనత వరద. ట్రాప్‌హ్యాండిల్ స్క్రిప్ట్ ముగిసేదాకా డీమన్ తర్వాతి ట్రాప్‌ను తీసుకోదు. అందుకని స్క్రిప్ట్ చేయాల్సింది ఒక్కటే పని: వచ్చింది ఒక ఫైల్లోనో క్యూలోనో వేసి బయటపడటం. ఈమెయిల్ పంపడం, డేటాబేస్ తెరవడం వేరే ప్రాసెస్ చూసుకోవాలి. డీమన్‌లోనే పెర్ల్‌ను కలిపి నడిపే వీలుంది. అలా చేస్తే ట్రాప్‌కో ప్రాసెస్ పుట్టదు, వేగం బాగా పెరుగుతుంది.

ఇంతకన్నా మెల్లగా దెబ్బకొట్టేది డీఎన్ఎస్. డీమన్ మామూలుగా ప్రతి సోర్స్ ఐపీకీ పేరు వెతుకుతుంది. నెట్‌వర్క్ పడిపోయి ట్రాప్‌లు వెల్లువెత్తే వేళకే డీఎన్ఎస్ సర్వర్ కూడా అందకుండా పోతుంది. లినక్స్‌లో రిజాల్వర్ మామూలు గడువు ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు, ప్రయత్నాలు 2. ఒక్క ట్రాప్ దగ్గరే 10 సెకన్లు ఆగిపోతే వెనక ఉన్నవన్నీ బఫర్‌లో కూరుకుపోతాయి. డీమన్ నడిపే వరుసలో చిన్న ఎన్ ఆప్షన్ చేర్చండి, పేర్ల వెతుకులాట ఆగుతుంది. పేర్లు తర్వాత మీ జాబితాలో చూసుకోవచ్చు.

వీ3 ట్రాప్‌లకు మరో చిక్కు ఉంది. ట్రాప్ విషయంలో పంపే పరికరమే అధికారిక ఇంజిన్ (భద్రతా తనిఖీకి ఎవరి గుర్తు, సమయం ఆధారమో ఆ పక్షం). అంటే డీమన్‌కి ఆ పరికరం ఇంజిన్ ఐడీ ముందే తెలియాలి. క్రియేట్‌యూజర్ వరుసను ప్రతి పరికరానికీ దాని ఇంజిన్ ఐడీతో రాయాలి. 300 పరికరాలకు ఒకే యూజర్ పేరైనా 300 వరుసలు. రాసే ముందు డీమన్‌ను ఆపండి. ఆగేటప్పుడు అది తన నిల్వ ఫైలును తిరగరాస్తుంది, నడుస్తుండగా చేసిన మార్పులు పోతాయి. ఇంకోటి, వర్చువల్ రౌటర్లను ఒకే మూస నుంచి క్లోన్ చేసి ఉంటే ఇంజిన్ ఐడీలు ఒకటే అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు రెండు పరికరాల బూట్ లెక్కలు, సమయాలు ఒకదానితో ఒకటి పొసగవు. వీ3 అనుమతించే తేడా 150 సెకన్లే కాబట్టి వాటిలో ఒకదాని ట్రాప్‌లు తిరస్కరణకు గురవుతుంటాయి.

అలారం మూయడం, జతలు కలపడం మొత్తం మీరే రాసుకోవాలి.

## రెండో దారి: ట్రాప్‌డీకి తోడు ఎస్ఎన్ఎంపీటీటీ

ఎస్ఎన్ఎంపీటీటీ పెర్ల్‌లో రాసిన అనువాదకం. ట్రాప్‌డీ అందుకున్నదాన్ని దీని చిన్న హ్యాండ్లర్ స్పూల్ ఫోల్డర్‌లో పడేస్తుంది. డీమన్‌గా నడిచే ఎస్ఎన్ఎంపీటీటీ కొన్ని సెకన్లకోసారి ఆ ఫోల్డర్ చూసి, ఒక్కో ట్రాప్‌ను మనుషులు చదివే వాక్యంగా మారుస్తుంది. మామూలు విరామం 5 సెకన్లు. వరద సమయంలో స్పూల్ ఫోల్డర్ కుషన్‌లా పనిచేస్తుంది, అందుకే దీన్ని ఎప్పుడూ డీమన్ పద్ధతిలోనే నడపండి. ట్రాప్‌కోసారి నేరుగా పిలిచే పద్ధతి కూడా ఉంది గానీ అది పరీక్షలకే.

మిబ్ ఫైలు నుంచి ఈవెంట్, ఫార్మాట్ వరుసలు తయారుచేసే సాధనం దీనితోనే వస్తుంది. తయారైన ఫార్మాట్ వాక్యాలు ముతకగా ఉంటాయి, ముఖ్యమైన ఇరవై ముప్పై ట్రాప్‌లకు చేత్తో దిద్దుకుంటే చాలు. ఎగ్జెక్ వరుసతో నాగియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి పాసివ్ ఫలితం (అది అడగకుండానే బయటి నుంచి అందించేది) పంపొచ్చు. నిర్ణీత సెకన్లలోపు తిరిగొచ్చిన అదే ట్రాప్‌ను వదిలేసే సెట్టింగ్ కూడా ఉంది, మామూలుగా అది ఆపి ఉంటుంది. గుర్తుపెట్టుకుని ఆన్ చేయండి. ట్రాప్‌డీ ఓఐడీలను అంకెల్లోనే ఇచ్చేలా హైఫన్, పెద్ద ఓ, చిన్న ఎన్ ఆప్షన్ పెట్టకపోతే మాత్రం పోలికలు కుదరవు, అన్నీ తెలియని ట్రాప్‌ల లాగ్‌లోకి పోతాయి.

నాగియోస్ తరహా ఏర్పాటు ఇప్పటికే ఉన్నవాళ్లకు ఇది చక్కగా అతుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పను, నిర్వహించాల్సిన ఫైళ్లు మరీ ఎక్కువ.

## మూడో దారి: ఉన్న మానిటరింగ్‌కే కట్టడం

జాబిక్స్, లిబ్రేఎన్ఎంఎస్ ఈ కోవలోవి. రెండూ పోర్టు మీద వినడానికి ట్రాప్‌డీనే వాడతాయి.

జాబిక్స్‌లో ట్రాప్‌డీ ఒక పెర్ల్ స్క్రిప్ట్ ద్వారా ట్రాప్‌ను ఫైల్లో రాస్తుంది, సర్వర్‌లోనో ప్రాక్సీలోనో ఉండే ట్రాపర్ ప్రాసెస్ ఆ ఫైలు చదువుతుంది. సర్వర్ కాన్ఫిగ్‌లో ట్రాపర్‌ను 1కి మార్చాలి, ఫైలు దారి రెండు చోట్లా ఒకటే ఉండాలి. నమూనా కాన్ఫిగ్‌లలో ఫైలు టీఎంపీ ఫోల్డర్‌లో ఉంటుంది. సిస్టమ్‌డీ ఏదైనా సర్వీస్‌కి ప్రైవేట్ టీఎంపీ ఇస్తే ఇద్దరూ చూసేది వేర్వేరు ఫోల్డర్లు. పేరు ఒకటే, ఫైలు మాత్రం దొరకదు. మొదటి రోజే దాన్ని వార్ (/var) కింద ఒక ఫోల్డర్‌కి మార్చి, అనుమతులు సరిచూడండి. ఆ ఫైలుకి లాగ్ రొటేషన్ ఏర్పాటు కూడా మీదే.

హోస్ట్‌ను గుర్తించేది ఎస్ఎన్ఎంపీ ఇంటర్‌ఫేస్‌లో రాసిన ఐపీ లేదా డీఎన్ఎస్ పేరుతో. సోర్స్ ఐపీ దానితో కలవకపోతే ట్రాప్ ఏ హోస్ట్‌కీ చేరదు. కలవనివాటిని లాగ్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంచి, మొదటి రెండు వారాలు రోజూ ఆ లాగ్ చూడండి. పైన చెప్పిన లూప్‌బ్యాక్ పని చేయని రౌటర్లన్నీ అక్కడే పట్టుబడతాయి.

మూత విషయంలో జాబిక్స్ సత్తా ఎక్కువే, కానీ దానంతట అది చేయదు. స్విచ్‌లోని 48 పోర్టుల లింక్ డౌన్‌లూ ఒకే ఐటెమ్‌లోకి వస్తాయి. మామూలు ట్రిగ్గర్ పెడితే 5వ పోర్టు పడి, 9వ పోర్టు లేస్తే 5వ పోర్టు సమస్య కూడా మూసుకుపోతుంది. ఇది చాలా ప్రమాదకరం, ఎందుకంటే స్క్రీన్ పచ్చగా కనిపిస్తుంది. ట్రిగ్గర్‌ను బహుళ సమస్యలు పుట్టించే పద్ధతిలో పెట్టి, ట్రాప్ పాఠ్యంలోంచి ఇఫ్‌ఇండెక్స్ (ఏ పోర్టో చెప్పే) సంఖ్యను రెగెక్స్‌తో తీసి ఈవెంట్ ట్యాగ్‌గా వేయాలి. మూసేటప్పుడు ఆ ట్యాగ్ విలువ కలిసిన సమస్యలనే మూయమని చెప్పాలి. అరగంట పని, కానీ ఇది చేయనిదే ట్రాప్ అలారంను నమ్మకండి.

లిబ్రేఎన్ఎంఎస్‌లో తెలిసిన ట్రాప్‌లకు సిద్ధంగా హ్యాండ్లర్లు ఉంటాయి, ఫలితం ఈవెంట్ లాగ్‌లో పరికరం పేరుతోనే పడుతుంది. అది మద్దతిచ్చే పరికరాలే ఎక్కువుంటే పని తేలిక. మీకు కావలసిన ట్రాప్‌కి హ్యాండ్లర్ లేకపోతే పీహెచ్‌పీలో ఒకటి రాయాలి. ట్రాప్‌కో పీహెచ్‌పీ ప్రాసెస్ లేస్తుంది కాబట్టి వరద లెక్క వేసుకోండి.

## నాలుగో దారి: రిసీవర్ లోపలే ఉన్న వేదిక

ఓపెన్ఎన్ఎంఎస్ దీనికి మంచి ఉదాహరణ. ట్రాప్ అందుకునే భాగం దాని లోపలే ఉంది, ట్రాప్‌డీ అక్కర్లేదు. ట్రాప్ ముందు ఈవెంట్ అవుతుంది, అందులోంచి అలారం పుడుతుంది. ఏ ఏ గడులు కలిస్తే అది ఒకే సమస్య అన్నది రిడక్షన్ కీ చెప్తుంది. పరికరం, ఇఫ్‌ఇండెక్స్ కలిపి కీ చేస్తే అదే పోర్టు నుంచి పదిసార్లు వచ్చినా ఒకే అలారం, పక్కన లెక్క 10. లింక్ అప్ ఈవెంట్‌లో క్లియర్ కీ ఆ లింక్ డౌన్ కీతో కలిస్తే అలారం దానంతట అదే తీరిపోతుంది. మూత సమస్యకు ఇక్కడ ఉన్నంత శుభ్రమైన పరిష్కారం మిగతా దారుల్లో కనిపించదు.

దూరపు సైట్లకు మినియన్ అనే చిన్న భాగాన్ని అక్కడే పెట్టొచ్చు. అది ట్రాప్‌ను స్థానికంగా అందుకుని సందేశ వాహకం ద్వారా కేంద్రానికి పంపుతుంది. వేర్వేరు సైట్లలో ఒకే ప్రైవేట్ ఐపీ ఉన్నా లొకేషన్ పేరుతో వేరు చేస్తుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. జావా మీద నడుస్తుంది, మెమరీ బాగా కావాలి, డేటాబేస్ నిర్వహణ ఉంటుంది, ఎక్స్ఎంఎల్ ఈవెంట్ నిర్వచనాలు నేర్చుకోవాలి. 30 స్విచ్‌ల ఆఫీసుకి ఇది భారం.

## ఐదో దారి: డేటా పైప్‌లైన్

టెలిగ్రాఫ్‌లో ట్రాప్ ఇన్‌పుట్, లాగ్‌స్టాష్‌లో ట్రాప్ ఇన్‌పుట్ ఉన్నాయి. ట్రాప్‌ను కాఫ్కాకో టైమ్ సిరీస్ డేటాబేస్‌కో సెర్చ్ ఇంజిన్‌కో పంపేయొచ్చు. ప్రాసెస్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి వరదను బాగా తట్టుకుంటాయి. లాగ్‌స్టాష్ మామూలు పోర్టు 162 కాదు, 1062. పరికరం వైపు మార్చండి, లేదంటే సర్వర్‌లో దారి మళ్లించండి. టెలిగ్రాఫ్‌లో వీ3కి ఇంజిన్ ఐడీల జాబితా రాయనక్కర్లేదు, కాకపోతే ఒక ఇన్‌పుట్ భాగానికి ఒకే యూజర్. రెండు యూజర్లుంటే రెండు భాగాలు, రెండు పోర్టులు.

సెర్చ్ ఇంజిన్‌కి పంపేవాళ్లు ఒక గుంత చూసుకోవాలి. వార్‌బైండ్ ఓఐడీ చివర ఇఫ్‌ఇండెక్స్ తోక ఉంటుంది. దాన్నే గడి పేరుగా పంపితే 5వ పోర్టుకో గడి, 6వ పోర్టుకో గడి పుడుతూ పోతాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఒక ఇండెక్స్‌కి మామూలు హద్దు 1,000 గడులు. హద్దు దాటాక కొత్త గడితో వచ్చిన ట్రాప్‌లు నిల్వ కావు. తోకను విడదీసి విలువగా పెట్టే ఫిల్టర్ మొదటి రోజే రాయండి.

అలారం మూత ఇక్కడ ఉండదు. ఇది చరిత్ర, విశ్లేషణ, ఇతర వ్యవస్థలతో కలపడానికి పనికొచ్చే దారి. అలారం తర్కం వేరే చోట ఉండాలి.

ప్రొమీథియస్ వాడేవాళ్లు తరచూ ఒక చోట పొరబడతారు. దాని ఎస్ఎన్ఎంపీ ఎక్స్‌పోర్టర్ పోలింగ్ (పరికరాన్ని తానే అడిగి తెలుసుకోవడం) మాత్రమే చేస్తుంది, ట్రాప్ అందుకోదు. ఎస్ఎన్ఎంపీ నోటిఫయర్ అనేది దానికి తలకిందులు: అలర్ట్‌ను ట్రాప్‌గా మార్చి బయటికి పంపుతుంది. అందుకోవడానికి ఈ ఐదు దారుల్లో ఒకటి విడిగా కావలసిందే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | పంపినది తేలే చోటు | వరద | వీ3 ట్రాప్ | అలారం మూత | నిర్వహణ |
|---|---|---|---|---|---|
| ట్రాప్‌డీ, సొంత స్క్రిప్ట్ | మీ స్క్రిప్ట్ | స్క్రిప్ట్ బరువును బట్టి | ప్రతి ఇంజిన్ ఐడీ రాయాలి | మీరే రాయాలి | తక్కువ భాగాలు, ఎక్కువ కోడ్ |
| ట్రాప్‌డీ, ఎస్ఎన్ఎంపీటీటీ | ఎస్ఎన్ఎంపీటీటీ, ఆపై నాగియోస్ | స్పూల్ ఉంది కాబట్టి మధ్యస్థం | ట్రాప్‌డీ లాగే | నాగియోస్ వైపు చేత్తో | ఫైళ్లు ఎక్కువ |
| జాబిక్స్ | హోస్ట్ ఇంటర్‌ఫేస్ ఐపీ | బాగుంది | ట్రాప్‌డీ లాగే | ట్యాగ్‌లతో కుదురుతుంది | మధ్యస్థం |
| లిబ్రేఎన్ఎంఎస్ | పరికరాల జాబితా | ట్రాప్‌కో ప్రాసెస్ | ట్రాప్‌డీ లాగే | హ్యాండ్లర్‌ను బట్టి | తక్కువ |
| ఓపెన్ఎన్ఎంఎస్ | నోడ్, లొకేషన్ | బాగుంది | వేదికలోనే యూజర్లు | సహజంగా ఉంది | ఎక్కువ |
| టెలిగ్రాఫ్, లాగ్‌స్టాష్ | సోర్స్ ట్యాగ్, ఆపై మీ జాబితా | బాగుంది | టెలిగ్రాఫ్‌లో భాగానికి ఒక యూజర్ | లేదు | మధ్యస్థం |

## ఎవరికి ఏది

పరికరాలు యాభై లోపు, చూసుకునేది ఒక్కరు అయితే ఇప్పటికే ఉన్న మానిటరింగ్‌కే ట్రాప్ కట్టండి. జాబిక్స్ ఉంటే జాబిక్స్, లిబ్రేఎన్ఎంఎస్ ఉంటే అదే. ట్రాప్‌ల కోసం మరో తెర తెరిస్తే, రెండో తెరను ఎవరూ చూడరు. వచ్చే ప్రతి ట్రాప్‌నూ అలారం చేయకండి. ఫ్యాన్, విద్యుత్ సరఫరా, ఉష్ణోగ్రత, యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడం, రూటింగ్ పొరుగు పడిపోవడం, ముఖ్యమైన లింక్‌లు చాలు. వాడుకరుల పోర్టుల లింక్ ట్రాప్‌లను స్విచ్‌లోనే ఆపేయండి.

వందల పరికరాలు, చాలా సైట్లు, షిఫ్టుల్లో పనిచేసే బృందం ఉన్నవాళ్లు ఓపెన్ఎన్ఎంఎస్ లాంటి వేదికను గానీ, సైట్‌కో ప్రాక్సీతో జాబిక్స్‌ను గానీ చూడాలి. ఈ రెండిటి మధ్య ఊగుతుంటే ఒకటి గమనించండి. మీ పని ఎక్కువగా ట్రాప్‌లతోనే నడుస్తుంటే, అంటే ఆప్టికల్ ట్రాన్స్‌మిషన్, మైక్రోవేవ్, పవర్ పరికరాల్లా పోలింగ్‌లో అంతగా చెప్పనివి ఎక్కువగా ఉంటే, రిడక్షన్ కీ ఉన్న వేదిక వైపు మొగ్గండి. గ్రాఫ్‌లు, సర్వర్లు ప్రధానమై ట్రాప్‌లు పక్కవాద్యమైతే జాబిక్స్ చాలు.

ట్రాప్‌లను భద్రతా బృందానికీ విశ్లేషణ బృందానికీ కూడా ఇవ్వాల్సిన చోట పైప్‌లైన్‌ను ముందు పెట్టి అక్కడి నుంచి రెండు దారులు చేయడం బాగుంటుంది. వద్దనుకుంటే శాంప్లికేటర్ లాంటి చిన్న యూడీపీ నకలు సాధనం చాలు. అసలు సోర్స్ ఐపీని అలాగే ఉంచి రెండు మూడు రిసీవర్లకు పంపగలదు. మధ్య రౌటర్‌లో సోర్స్ చిరునామా తనిఖీ ఉంటే మాత్రం అలాంటి ప్యాకెట్లు దారిలోనే ఆగుతాయి.

మీ పరికరాలన్నీ సిస్‌లాగ్‌లో (పరికరాలు పంపే లాగ్ సందేశాలు) అదే సంగతి మరింత వివరంగా చెప్తుంటే, సిస్‌లాగ్ ఏర్పాటు అప్పటికే గట్టిగా ఉంటే, ట్రాప్ అవసరమైన పరికరాల జాబితా చాలా చిన్నదవుతుంది. ఆ చిన్న జాబితాకే ట్రాప్ పెట్టుకోవడం తప్పు కాదు.

## ట్రాప్‌నా, ఇన్‌ఫామ్‌నా

ఇన్‌ఫామ్‌కి రిసీవర్ జవాబు పంపుతుంది. జవాబు రాకపోతే పరికరం మళ్లీ పంపుతుంది. ప్రమాణ మిబ్‌లో మామూలు విలువలు 15 సెకన్ల గడువు, 3 మళ్లీ ప్రయత్నాలు. అంటే ఒక నిమిషం వరకు రిసీవర్ అందకపోయినా కబురు బతికే ఉంటుంది. రూటింగ్ కుదురుకునే ఆ కొద్ది సెకన్లలో పోయే ట్రాప్‌లు ఇలా దక్కుతాయి. జవాబు వచ్చేదాకా పరికరం ఆ సందేశాన్ని మెమరీలో ఉంచాలి కాబట్టి, చిన్న స్విచ్‌లలో వరద వేళ పాతవి తోసేస్తుంది.

వీ3లో ఇన్‌ఫామ్‌కి రిసీవరే అధికారిక ఇంజిన్. పరికరం రిసీవర్ ఇంజిన్ ఐడీని తానే కనుక్కుంటుంది. అందువల్ల ఆ 300 వరుసల బాధ ఉండదు, యూజర్ ఒక్కసారి రాస్తే చాలు. ట్రాప్‌డీ ఆధారిత పద్ధతి, వీ3 రెండూ మీకు తప్పనిసరైతే, పరికరాలు ఇన్‌ఫామ్ పంపగలవేమో ముందు చూడండి. నా దృష్టిలో ఆ కూడికకు సరైన సమాధానం అదే.

ఇన్‌ఫామ్ అయినా సరే, పోలింగ్ ఆపొద్దు. సైట్‌కి ఉన్న ఒకే లింక్ తెగితే ట్రాప్ వచ్చే దారే లేదు. ట్రాప్ వచ్చిన వెంటనే ఆ పరికరాన్ని ఒకసారి పోల్ చేయించే ఏర్పాటు కుదిరితే చాలా మేలు: కబురు ట్రాప్ తెస్తుంది, నిజం పోలింగ్ చెప్తుంది.

## ఏ పద్ధతికైనా చేయాల్సిన సన్నాహం

1024 కంటే తక్కువ పోర్టు తెరవడానికి ప్రత్యేక హక్కు కావాలి. రిసీవర్‌ను రూట్‌గా నడపకండి. ఆ ఒక్క సామర్థ్యాన్ని ప్రోగ్రామ్‌కి ఇవ్వండి, లేదా 1162 మీద నడిపి ఫైర్‌వాల్‌తో 162ను అక్కడికి మళ్లించండి.

లినక్స్‌లో సాకెట్ రిసీవ్ బఫర్ గరిష్ఠ హద్దు చాలా చోట్ల 2,12,992 బైట్లు. ట్రాప్ 200 బైట్లే అయినా కెర్నెల్ ఒక్కో ప్యాకెట్‌కి అంతకంటే ఎక్కువ లెక్క కడుతుంది కాబట్టి కొన్ని వందల ట్రాప్‌లకే నిండుతుంది. హద్దును 8 ఎంబీకి, అంటే 83,88,608కి పెంచండి. అది ఒక్కటీ చాలదు. రిసీవర్ ప్రోగ్రామ్ కూడా పెద్ద బఫర్ అడగాలి, నెట్-ఎస్ఎన్ఎంపీలో దానికి సర్వర్‌రెక్వ్‌బఫ్ అనే వరుస ఉంది.

ట్రాప్‌లో గడియారం సమయం ఉండదు. పరికరం లేచి ఎంతసేపైందో సెకనులో నూరో వంతుల్లో చెప్తుంది, ఆ లెక్క దాదాపు 497 రోజులకు సున్నాకి తిరుగుతుంది. కాబట్టి రిసీవర్ సర్వర్ గడియారం ఎన్‌టీపీతో సరిగ్గా ఉండాలి.

ట్రాప్ రావట్లేదంటే ఈ వరుసలో వెతకండి. ముందు టీసీపీడంప్‌తో 162 మీద ప్యాకెట్ వస్తోందా చూడండి. రాకపోతే తప్పు పరికరంలోనో దారిలోనో ఉంది. వస్తున్నా రిసీవర్‌కి అందకపోతే సర్వర్ ఫైర్‌వాల్ చూడండి, ఎందుకంటే టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే ప్యాకెట్‌ను చూస్తుంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ అయితే రివర్స్ పాత్ ఫిల్టర్ కూడా అనుమానించండి. ఆ తర్వాత యూడీపీ గణాంకాల్లో రిసీవ్ బఫర్ ఎర్రర్లు. అన్నీ బాగుంటేనే కమ్యూనిటీ, ఇంజిన్ ఐడీ, హోస్ట్ ఐపీ పోలిక.

పరీక్ష ట్రాప్‌ను సర్వర్ మీద నుంచే 127.0.0.1కి పంపి సరిపోయిందనుకోవద్దు, దారిలో ఉన్న ఏ ఫైర్‌వాల్‌నూ అది పరీక్షించదు. ఖాళీగా ఉన్న ఒక స్విచ్ పోర్టును ఆపి, తిరిగి తెరిచి చూడండి. లింక్ డౌన్ ఓఐడీ 1.3.6.1.6.3.1.1.5.3, లింక్ అప్ ఓఐడీ చివరి అంకె 4. మొదటిదానికి అలారం పుట్టాలి, రెండోదానికి అదే అలారం మూయాలి, పక్క పోర్టుది కదలకూడదు.

చివరిగా వరద పరీక్ష. వేరే యంత్రం నుంచి, వార్‌బైండ్‌లో 1 నుంచి 2,000 వరకు వరుస సంఖ్య పెట్టి, పది ప్రాసెస్‌లతో ఏకకాలంలో ట్రాప్‌లు పంపండి. పంపే ముందు, పంపాక బఫర్ ఎర్రర్ల సంఖ్య రాసుకోండి. అందిన సంఖ్యల జాబితాలో ఖాళీలు ఎక్కడున్నాయో చూడండి. డీఎన్ఎస్‌ను సర్వర్‌కి అందకుండా చేసి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. రెండుసార్లూ ఒక్క సంఖ్యా పోకుండా అందేదాకా పాత రిసీవర్‌ను ఆపకండి.